మొదటి గంట లెక్కలోకి రాదు

పోయినవారం దారాన్ని మనం ల్యాబులో రెండు కాగితాలు చేతబట్టుకుని నిలబడ్డ చోట వదిలేసి వచ్చాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. దారం ఎనిమిదేళ్లుగా ఒకటే పని చేస్తోంది. ప్లాస్టిక్ కరిగించిన ద్రావణాన్ని సూది మొన నుంచి పీచుమిఠాయి కంటే సన్నగా లాగి, ఆ పోగుల పొరని కొలిమిలో నల్లగా కాల్చి, కార్బన్ నానో ఫైబర్ బట్ట తయారుచేస్తుంది. అందుకే ల్యాబంతా ఆమెని దారం అనే పిలుస్తుంది, జీతం చీటీ మీద తప్ప అసలు పేరు ఎక్కడా కనబడదు.

ఆ బట్ట ముక్కని గాజు సెల్లులో ముంచి, కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతూ కరెంటు పెడితే, పొగగొట్టం నుంచి ఊరికే పోయే ఆ గ్యాసు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దాంతో ఇంధనం చేసుకోవచ్చు, ఇంకా బోలెడు చేసుకోవచ్చు. వెండి, బంగారం లాంటి లోహాలు ఈ పని చేస్తాయని అందరికీ తెలిసిందే. లోహం ఊసే లేకుండా ఒట్టి నల్లబట్ట చేస్తుందన్నదే దారం గొప్ప. పెట్టిన కరెంటులో నూటికి ఎనభై ఒక్క వంతు అనుకున్న పనికే పోయింది. ఆ ఎనభై ఒకటిని చూసే సోమవారం సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు ఒప్పందం మీద సంతకానికి వస్తున్నారు.

శుక్రవారం ఆమె ఒకే బట్టని రెండుగా కత్తిరించి, ఒక ముక్కని ఎప్పుడూ వాడే పద్నాలుగో నంబరు సెల్లులో, రెండోదాన్ని కొత్తగా కొన్న సెల్లులో పెట్టింది. పాతదాంట్లో ఎనభై ఒకటి వచ్చింది. కొత్తదాంట్లో ఆరు వచ్చింది. ఆమె చేతిలోని రెండు కాగితాలూ అవే. ల్యాబు ఆచారం ప్రకారం రెండింట్లోనూ మొదటి గంట అంకెలు పారేసి, ఆ తర్వాతవే రాసింది. ఈ ఆచారం సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

శనివారం పొద్దున్న తొమ్మిదికల్లా పద్నాలుగో నంబరుని తువ్వాల్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, దారం బస్సెక్కింది. ఆ సెల్లు చేసింది వాళ్ల మామయ్యే. అమ్మకి సొంత తమ్ముడు, గాజు ఊది ల్యాబుల సామాన్లు చేసే పనివాడు. మేనకోడలికి నడక నేర్పింది తనేనని ఆయన వాదన. ల్యాబులో అందరికీ ఆయన గాజు మామయ్యే, డైరెక్టరుతో సహా.

తలుపు తీసిన అత్తయ్య మొహం చూడలేదు, చేతుల్లో మూట చూసింది.

"పద్నాలుగా? మళ్లీ గాజు కాలు విరగ్గొట్టుకుందా?"

"లేదత్తయ్యా. బాగానే ఉంది."

"బాగున్నదాన్ని పట్టుకుని ఇంత పొద్దున్నే వచ్చావంటే ఏదో బాగోలేదన్నమాట. కాఫీ తాగుతావా?"

"ముందు మామయ్యతో మాట్లాడాలి."

"మంట దగ్గరున్నారు. ఇప్పుడు ఇల్లు కూలినా పలకరు. కాఫీ తాగు."

ఇంటి వెనక షెడ్డే ఆయన కార్ఖానా. గోడ పొడుగునా గాజు గొట్టాలు, లావు వారీగా నిలబెట్టి ఉన్నాయి. మధ్యలో బల్ల, బల్ల మీద మంట, మంట ముందు ఊదారంగు కళ్లద్దాలు పెట్టుకుని మామయ్య. ఆ అద్దాలు లేకపోతే కరుగుతున్న గాజు పసుపు వెలుగులో ఏమీ కనబడదు. రెండు చేతులా ఒక గొట్టాన్ని తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంలోంచి చిన్నగా ఊదుతున్నాడు. తిప్పడం ఒక్క క్షణం ఆపినా గాజు జారిపోతుంది కాబట్టి, మంట వెలుగుతుండగా ఆయన్ని ఎవరూ మాట్లాడించకూడదన్నది ఆ ఇంటి నియమం. రాష్ట్రపతి వచ్చినా తువ్వాలు పరిచిన స్టూలు మీద కూర్చుని ఎదురుచూడాల్సిందే.

దారం ఇరవై నిమిషాలు కూర్చుంది. నాలిక మీద ప్రశ్న పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకి ఆ రోజే తెలిసింది. మామూలుగా అయితే అడిగేది ఆమె, ఎదురుచూసేది మిగతావాళ్లు.

చివరికి గొట్టాన్ని చల్లార్చే కొలిమిలో పెట్టి, మంట తగ్గించి, మామయ్య అద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"చెప్పమ్మడూ."

"మామయ్యా, ఈ సెల్లులో గాజు కాకుండా ఇంకేమున్నాయి?"

"ప్లాటినం తీగ. మధ్యలో నీ పల్చటి పొర. ఇంకేముంటాయి, మీ అత్తయ్య తలపిన్నులా?"

"నిజంగా అడుగుతున్నాను."

"నేనూ నిజంగానే చెబుతున్నాను. ఏం, కారుతోందా?"

దారం నిన్నటి సంగతి చెప్పింది. ఎనభై ఒకటీ ఆరూ వినగానే ఆయన మొహం చిట్లించాడు.

"కొత్త సెల్లు పనిచెయ్యకపోతే అది అమ్మినవాణ్ణి నిలదియ్యి. పనిచేస్తున్నదాన్ని పట్టుకొచ్చి నన్నడుగుతావేమిటి?"

"పనిచేస్తోంది కాబట్టే అడుగుతున్నా. బట్ట ఒకటే, నీళ్లు ఒకటే, కరెంటు ఒకటే. తేడా నీ సెల్లే."

"అంటే నా గాజు మీద అనుమానమన్నమాట. ముప్పై నాలుగేళ్లు ఊదాక."

"గాజు మీద కాదు మామయ్యా..."

"మరి దేని మీద? నా మీదా?"

ఆయన లేచి సెల్లుని తువ్వాల్లోంచి తీశాడు. రెండు గాజు బుడ్లు, వాటిని కలిపే అడ్డగొట్టం, ఆ గొట్టం నడుమ బిగించిన పల్చటి పొర. ఒక బుడ్డిలో నల్లబట్ట వేలాడుతుంది. రెండోదాంట్లోకి పైనుంచి సన్నటి గాజు కాలు దిగి, ఆ కాలి చివర ప్లాటినం తీగ బయటికొస్తుంది. అడుగున వజ్రపు పెన్సిలుతో చెక్కిన పద్నాలుగు అంకె ఉంది. ఆయన దాన్ని కిటికీ వైపు ఎత్తి తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు.

అంకె పక్కన ఒక చుక్క ఉంది.

"ఓహో," అన్నాడు. కోపం కాస్తా గొంతులోంచి దిగిపోయింది.

"ఏమిటి?"

"దీనికి ఒక అతుకు పడింది. అతుకు పడ్డ ప్రతిదానికీ నేను చుక్క పెడతాను. కిందటేడు కాలు విరిగొచ్చింది కదా, అప్పటిది."

ఆ సెల్లుని దారం కొన్ని వందలసార్లు కడిగి తుడిచింది. ఆ చుక్కని గాజులో మచ్చ అనుకుంది. వింటే నవ్వొస్తుంది గానీ, మనింట్లో గోడ మీది మేకు ఎవరు కొట్టారో మనకి మాత్రం తెలుసా?

"దేంతో అతికావు?"

మామయ్య చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతికాడు. గుడ్డ ఆయన భుజం మీదే ఉంది.

"వెండితో."

దారం స్టూలు మీంచి దిగ్గున లేచింది.

"వెండా? మామయ్యా, వెండి పెట్టావా? లోహం లేకుండా బట్టే పనిచేస్తుందని ప్రపంచమంతా చాటుకున్న సెల్లులో వెండి పెట్టి నాకు ఒక్క మాట చెప్పవా?"

"చెప్పాను."

"ఎప్పుడు చెప్పావు?"

"ఆ శుక్రవారమే, ఫోన్లో. కాలుతో పాటు తీగ కూడా మొదలంటా తెగిపోయింది. కురచ ముక్క మిగిలింది. కొత్త ప్లాటినం తెప్పించాలంటే ఆరు వారాలన్నారు. నువ్వేమో సోమవారానికి కావాలన్నావు. రెండు ముక్కల మధ్య వెండి కరిగించి అతికి, పైన గాజు తొడుగుతాను, ఫరవాలేదా అని అడిగాను. నువ్వేమన్నావో చెప్పనా?"

"చెప్పు."

"'మీటింగులో ఉన్నాను మామయ్యా, ఎలా అతికిస్తావో నీ ఇష్టం, సోమవారం తొమ్మిదింటికి నా టేబుల్ మీద ఉండాలి' అన్నావు. అని, పెట్టేశావు."

అలా అననే లేదని చెప్పడానికి దారం నోరు తెరిచింది. ఆ ఫోను ఆమెకి గుర్తు లేదు, ఆ శుక్రవారమూ గుర్తు లేదు. కానీ ఆ వాక్యం మాత్రం అచ్చంగా తనదే. రోజుకి నలుగురితో అదే అంటుంది.

"వెండైతే ఏమయింది?" అన్నాడు ఆయన, ఇప్పుడు కాస్త భయంగా. "అది నీ బట్ట వైపు కూడా లేదు కదా, అవతలి బుడ్డిలో ఉంది. పైగా గాజు తొడిగాను. చుక్క నీరు దిగదు."

"దిగిందో లేదో చూద్దాం. కాలు కొయ్యి."

"కొయ్యడమేమిటి? అతికినదాన్ని?"

"కొయ్యి మామయ్యా."

ముప్పై నాలుగేళ్లలో బాగున్న సామానుని కొయ్యమన్నవాళ్లు ఆయనకి తగల్లేదు. గాజు పగిలిందని కూడా అనడాయన, విడిపోయింది అంటాడు. కాసేపు సెల్లుని చేతిలో అటూ ఇటూ మార్చుకుని, నీళ్లు కారుతూ తిరిగే వజ్రపు చక్రం దగ్గరికి తీసుకెళ్లాడు. అర నిమిషం పట్టింది. కాలు నిలువునా రెండు చెక్కలైంది.

ఇద్దరూ భూతద్దం కింద చూశారు. గాజు తొడుగు మీద వెంట్రుక లాంటి చీలిక, పైనుంచి అతుకు దాకా ఉంది. లోపల వెండి ఉండాల్సిన చోట సగమే మిగిలింది. మిగిలిన సగం పుచ్చిపోయిన పన్నులా గుంటలు పడి ఉంది.

"వెండీ గాజూ ఒకే తీరుగా చల్లారవు," అన్నాడు మామయ్య నెమ్మదిగా. "సందు పడుతుంది. నాకు తెలియంది కాదమ్మడూ. తొందరలో... అంత లోతుగా దిగదులే అనుకున్నాను."

మిగతా సగం ఎక్కడికి పోయిందో ఆయనకి అర్థం కాలేదు. దారమే చెప్పింది. అటు బుడ్డిలో కరెంటు ప్లాటినాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు గానీ వెండిని కరిగిస్తుంది. కరిగిన వెండి నీళ్లల్లో కలుస్తుంది, నడుమనున్న పొరని దాటుతుంది, ఇవతల కరెంటు లాగుతున్న నల్లబట్ట మీద వచ్చి కూర్చుంటుంది.

"ఎంత కూర్చుంటుంది?"

"కంటికి కనబడదు. అంత చాలు."

"కూర్చోడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఓ గంట..." అని ఆగిపోయింది దారం.

ఆ ఆగడం ఎందుకో చెప్పుకోవాలి. వాళ్ల ల్యాబులో, సెల్లుకి కరెంటు పెట్టే యంత్రం పక్క గోడకి, ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం ఉంటుంది. 'మొదటి గంట లెక్కలోకి రాదు' అని డైరెక్టరు తన చేత్తో రాసిన కాగితం. కరెంటు పెట్టగానే అంకెలు కుదురుగా ఉండవు, సెల్లు సర్దుకోవడానికి ఓ గంట పడుతుంది, ఆ గంటలో వచ్చినవి రాసుకుని బుర్ర పాడుచేసుకోవద్దని దాని అర్థం. అందులో తప్పు లేదు, చాలా చోట్ల అంతే. అయితే ఈ సెల్లులో ఆ గంట సర్దుకునే గంట కాదు. అతుకులోంచి వెండి బయల్దేరి బట్ట మీదికి చేరే గంట. అంకె ఆరు దగ్గర మొదలై, పన్నెండై, ముప్పై అయి, గంట తిరిగేసరికి ఎనభై ఒకటై కూర్చునేది. ఎక్కిన మెట్లన్నీ పారేసి, పైమెట్టు మీద నిలబడి ఫోటో దిగారు, అదీ పదిహేడు నెలల పాటు, ఎనభై నాలుగుసార్లు.

"అంటే," అన్నాడు మామయ్య, "ఇన్నాళ్లూ పత్రికల్లో పడింది... నా అతుకా?"

ఒక్క క్షణం ఆయన మొహంలో వెలుగు లాంటిది కనబడింది. అది ఆయనకీ తెలిసింది, సిగ్గుపడి తల దించుకున్నాడు.

దారానికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. బల్ల మీద తల ఆనించి, గాజు పెంకులు గుచ్చుకుంటాయని మామయ్య చెయ్యి అడ్డంపెడితే ఆ చేతి మీదే ఏడ్చింది. ఎనిమిదేళ్లు. చుట్టాల పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది, పురుళ్లకి వెళ్లడం మానేసింది, తమ్ముడి గృహప్రవేశానికి మర్నాడు వెళ్లింది. బట్ట పనిచేస్తుందన్న ఒక్క మాట కోసం. ఇప్పుడు ఆ బట్ట ఒట్టి పీట, దాని మీద కూర్చుని పనిచేసింది వేరొకరు.

"ఇలా చెయ్యి," అన్నాడాయన. "నీకు చెప్పకుండా నేనే పెట్టానని చెప్పు. ముసలాడు, మతిమరుపు, ఏం చేస్తున్నాడో తెలీదు అను. నాకేం పోయింది?"

"నువ్వు చెప్పావు మామయ్యా. నేను వినలేదు."

"అయినా సరే..."

"సరే కాదు. అలా చెప్పను."

అప్పుడే ఫోను మోగింది, డైరెక్టరు నుంచి. దారం ముక్కు తుడుచుకుని తీసింది. మామయ్య మంట పూర్తిగా ఆర్పేశాడు, అది ఆ ఇంట్లో చాలా పెద్ద మర్యాద.

"ఏమ్మా, ఎప్పుడూ శనివారం కూడా వస్తావు, ఇవాళ కనబడలేదేమిటి? సోమవారానికి అంతా సిద్ధమేనా? వాళ్ల తరఫున కొత్తగా చేరిన నిపుణులెవరో వస్తున్నారట. పక్కన కూర్చుని పది నిమిషాలకోసారి అంకె రాసుకునే రకమట. మొదటి గంట కాఫీకి తీసుకెళ్లిపోదాంలే."

"సార్, ఒక విషయం చెప్పాలి. పద్నాలుగో సెల్లులో వెండి ఉంది."

చెప్పేసింది. మొత్తం చెప్పింది.

"చూడమ్మా," అన్నాడు ఆయన, తగ్గిన గొంతుతో. "ఆ సిమెంటు వాళ్లకి కావలసింది గ్యాసు. అది బట్ట వల్ల వచ్చిందా, బట్ట మీద కూర్చున్నదాని వల్ల వచ్చిందా అన్నది మనకీ మనకీ మధ్య మాట. సోమవారం కానివ్వు. పద్నాలుగుతో అంకె చూపిద్దాం, సంతకాలు అవనీ. ఆ తర్వాత తీరిగ్గా మనమే కనిపెట్టినట్టు కనిపెడదాం."

దారం సందేహించలేదని చెబితే అబద్ధమవుతుంది. బల్ల మీది గాజు ముక్కల వంక చూసింది. ఆ మాట ఎంత సుఖంగా ఉందో ఆమెకి తెలిసింది. రెండు రోజులు నోరు మూసుకుంటే చాలు.

"కుదరదు సార్."

"ఎందుకు కుదరదు?"

"అలా చెప్పడం నా వల్ల కాదు. ఇంకోటి కూడా ఉంది. సెల్లు కోసేశాం."

"కోసేశారా?"

"కాలు నిలువునా కోసింది మామయ్య. నేనే కొయ్యమన్నాను."

"అయితే సోమవారం తొమ్మిదింటికి వాళ్ల ముందు నువ్వే నిలబడి చెప్పుకో," అన్నాడు డైరెక్టరు. "బట్ట తనంతట తను పనిచేస్తుందని చూపించగలవా, చూపించు. చూపించలేకపోతే, ఎనిమిదేళ్లూ ఏం చేశావో అది కూడా నువ్వే చెప్పు. నేను పక్కన కూర్చుంటాను, నోరు మెదపను." పెట్టేశాడు.

కాఫీ గ్లాసులతో అత్తయ్య వచ్చింది. ఏడ్చిన మొహాన్నీ వాడిన మొహాన్నీ చూసింది, కోసిన కాలు చూసింది. గ్లాసులు బల్ల మీద పెట్టి, వెళ్లి ఒక లావుపాటి నోటుబుక్కు పట్టుకొచ్చింది. మామయ్య చేసే ప్రతి సామానుకీ ఆ పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. చేసేది ఆయన, రాసేది ఆవిడ. ఆయన రాత ఆయనకే అర్థం కాదని పెళ్లయిన ఏడాదే ఆవిడ పెన్ను లాక్కుంది.

"ఎన్నింటికి కోశారండీ?"

"ఇప్పుడది ఎందుకే?"

"నాకు కాదు, పద్నాలుగో నంబరుకి కావాలి. పుట్టిన రోజు రాసినప్పుడు ఇదీ రాయాలి." అత్తయ్య పేజీ తీసి, పైన ఉన్నది పెదాలు కదుపుతూ చదువుకుంది. "కిందటేడు ఫిబ్రవరి ఇరవై ఆరు, గురువారం. పద్నాలుగు కాలు విరిగి వచ్చింది. పొడుగమ్మాయి తెచ్చింది. పాపం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాఫీ కూడా తాగలేదు. మార్చి ఒకటి, ఆదివారం. కాలు అతికారు. లోపలి నల్లగుడ్డ ముక్క డబ్బాలో పెట్టాను."

దారం గ్లాసు దగ్గరికి వెళ్తున్న చెయ్యి ఆపింది.

"ఏ ముక్క అత్తయ్యా?"

"సెల్లులో వేలాడుతోంది కదా, అది. ఆ పిల్ల కంగారులో తీయకుండానే తెచ్చేసింది. మళ్లీ అడుగుతారేమోనని దాచాను. ఎవరూ అడగలేదు."

పొడుగమ్మాయి అంటే, కొత్త పాఠకుల కోసం, పొడుగు. దారం దగ్గర మూడేళ్లు పనిచేసిన పిల్ల, అంతకంటే ఎక్కువ స్నేహితురాలు. ఉన్న ఒక్క మంచి సెల్లు కాలు విరగ్గొట్టిందని, చేతుల్లో జాగ్రత్త లేదని, ఆ మర్నాడే ల్యాబు నుంచి పంపించేశారు. ఉత్తరం రాసింది దారమే. ఆ గురువారం సాయంత్రం పొడుగు గది తలుపు దగ్గరికొచ్చి ఒక్క ఐదు నిమిషాలు మాట్లాడాలంది. మీటింగులో ఉన్నానంది దారం. ఆ తర్వాత పొడుగు ఎక్కడుందో ఎవరికీ తెలియదు, ఎవరూ కనుక్కోలేదు కూడా.

దారం ఫోను తీసింది. ల్యాబు పుస్తకంలో ప్రతి పేజీకీ ఫోటో తీసి దాచుకోవడం వాళ్ల నియమం. వెనక్కి, వెనక్కి జరిపి ఫిబ్రవరి ఇరవై ఆరు దగ్గర ఆగింది. గుండ్రటి చేతిరాత, పొడుగుది. అందరూ పారేసే గంటని కూడా పది నిమిషాలకోసారి రాసే పాడు అలవాటు ఆ పిల్లకి ఉండేది. దాని మీద ల్యాబంతా ఏడిపించేవాళ్లు.

పదో నిమిషం, ముప్పై రెండు. ఇరవయ్యో నిమిషం, ముప్పై మూడు. తర్వాత ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై మూడు. యాభయ్యో నిమిషం దాటగానే, కాలు విరిగింది. పై మూల, 'బట్ట నేసింది, కాల్చింది: నేను' అని ఉంది.

ఆ పేజీ మీదుగా ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. పక్కన డైరెక్టరు రాత: మొదటి గంట, లెక్కలోకి రాదు. కింద సాక్షి సంతకం దారానిది.

ఆమె ఆ పేజీని రెండుసార్లు చదివింది. ఆ రోజుకి అతుకు లేదు. అతుకు లేకపోతే వెండి లేదు. మెట్లెక్కడం కూడా లేదు, మొదటి పది నిమిషాల నుంచీ ముప్పై రెండు దగ్గర కుదురుగా నిలబడింది. ఎనభై ఒకటి కాదు. కానీ ఆరూ కాదు. ఆ ఒక్క బట్ట, ఆ ఒక్క రోజు, ఎవరి సాయం లేకుండా తనంతట తను పనిచేసింది.

"అత్తయ్యా, ఆ డబ్బా ఎక్కడుంది?"

పాత బిస్కెట్ల డబ్బా వచ్చింది. బొత్తాలు, స్క్రూలు, ఎవరిదో గడియారం పట్టీ, వాటి కింద మడత పెట్టిన కాగితం పొట్లం. పొట్లం మీద అత్తయ్య రాత: పద్నాలుగులోది. లోపల గోరంత నల్లబట్ట, నలగకుండా ఉంది. దారం దాన్ని ముట్టుకోలేదు. కాగితం మడత మళ్లీ వేసేసింది.

మామయ్య అర్థమైనట్టూ కానట్టూ చూస్తున్నాడు. "ఇది మంచిదేనా అమ్మడూ?"

"తెలీదు మామయ్యా. ఇదెలా చేసిందో చేసిన మనిషికే తెలుసు."

పాత నంబరు ఇంకా ఉంటుందన్న నమ్మకం లేకుండానే నొక్కింది. నాలుగోసారి మోగుతుండగా అవతల ఎత్తారు.

"పొడుగూ, నేను."

"పేరు పడుతోంది," అంది అవతలి గొంతు. కోపం లేదు, చనువూ లేదు. "ఫిబ్రవరి పేజీ గురించేనా?"

"ఎలా తెలుసు?"

"ఎప్పుడో ఒకప్పుడు ఆ పేజీ తిప్పుతావని తెలుసు. పదిహేడు నెలలు పడుతుందనుకోలేదు."

"ఆ ముక్క ఉంది పొడుగూ. మా అత్తయ్య దాచింది."

అవతల చిన్న శబ్దమైంది. నవ్వో మరేమిటో తెలియలేదు.

"ఆ బట్టని నువ్వు చెప్పినట్టు కాల్చలేదు దారం. నీ పద్ధతిలో కాలిస్తే అందులో ఉండాల్సింది పొగలో పోతోందని నాకనిపించింది. అది చెబుదామనే ఆ సాయంత్రం నీ గది దాకా వచ్చాను."

"తెలుసు. నేనే తలుపు తియ్యలేదు. తప్పు నాదే, ఉత్తరం కూడా నాదే." దారం అత్తయ్య చేతిలోని పెన్ను అందుకుంది. కాగితం కోసం చూస్తే నోటుబుక్కే దొరికింది. "ఇప్పుడు చెప్పు. వింటాను. ఎలా కాల్చావు?"

"చెప్పకూడదు."

"నా మీద కోపం ఉంటే..."

"కోపం సంగతి తర్వాత. సోమవారం సిమెంటు వాళ్ల తరఫున మీ దగ్గరికి పరీక్షకి వచ్చేది నేనే."

పెన్ను పద్నాలుగో నంబరు పేజీ మీద ఆగిపోయింది. పక్కన అత్తయ్య, ఏమిటీ అన్నట్టు చెయ్యి తిప్పింది.

"ఆ పొట్లం పట్టుకురా," అంది పొడుగు. "కొత్త సెల్లులో పెడదాం. ఈసారి మొదటి నిమిషం నుంచీ రాస్తాను, సాక్షి సంతకం నువ్వే పెట్టాలి."